రాచకార్యము - నగర దర్శనము

పని మీద పరదేశమునకు పోయినవాడు ఆ పనిని మాత్రము చక్కబెట్టుకొని తిరిగివచ్చుట ఒక పద్ధతి. పనిని మరచి వింతలు చూచుచు కాలము గడుపుట మరియొక పద్ధతి. పనికై పోయి, పని చేయుచునే అచ్చటి వీధులను, భవనములను, మనుష్యులను శ్రద్ధతో చూచి, చూచినదానిలోని మంచిని తన ఊరికి మోసికొని వచ్చుట మూడవ పద్ధతి. మొదటిది ఉద్యోగము, రెండవది వినోదము, మూడవది విద్య. ఈ మూడవ పద్ధతికి హైదరాబాదు నగరమున రెండు నిదర్శనములు కలవు. ఒకటి మూసీ నది యొడ్డున నున్న పాలరాతి బొమ్మ. రెండవది తార్నాక చెంత నున్న రాతి భవనము. ఒకదాని వెనుక 1876వ సంవత్సరపు ప్రయాణము, రెండవదాని వెనుక 1930వ సంవత్సర ప్రాంతపు ప్రయాణము కలవు. ఆ ప్రయాణముల కథయే ఈ పాఠము.

1

ముషీరాబాదు నుండి విద్యానగరము, అడిక్‌మెట్టుల మీదుగా తూర్పునకు సాగినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము వచ్చును. దానిని దాటినచో తార్నాక. తార్నాక కూడలిలో బస్సుల రొద, మెట్రో రైలు వంతెన, అంగళ్ళ సందడి ఎల్లప్పుడును ఉండును. కాని ప్రాంగణములోనికి నాలుగడుగులు వేసినంతనే ఆ రొద తగ్గిపోవును. వేపలు, గుల్‌మొహర్లు నీడనిచ్చు విశాలమైన బాటలు, ఇరుప్రక్కల బండరాళ్ళు, పొదలు కానవచ్చును. వేకువజామున నడకకు వచ్చు వృద్ధులు, పరీక్షలకు చదువుకొను యువకులు, సైకిలు నేర్చుకొను పిల్లలు అచ్చట కానవత్తురు. ఆ బాటల నడుమ, ఎత్తైన మెట్లతో, ఆకాశమునకు తెరచిన గవనివంటి మహాద్వారముతో, లేత గులాబి వన్నెగల రాతితో నిర్మింపబడిన ఆర్ట్సు కళాశాల నిలిచి యున్నది. దాని పేరనే దగ్గరలో ఒక రైల్వేస్టేషను కూడ కలదు.

తార్నాక బాలునకు ఈ భవనము ప్రతిదినము కనబడునదే. ప్రతిదినము కనబడు వస్తువును గూర్చి మనము ప్రశ్నింపము. ఇది ఇచ్చటనే ఎందుకు కట్టబడినది? ఇట్లే ఎందుకు కట్టబడినది? కొంత కోటవలెను, కొంత గుడివలెను, కొంత మసీదువలెను కానవచ్చు ఈ రూపము ఎవరి మనస్సున పుట్టినది? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము వెదకుచు పోయినచో, తార్నాక నుండి బయలుదేరి రోము, పారిసు, ఎడింబరో, కైరో నగరముల దాక పోవలసివచ్చును.

2

మొదటి ప్రయాణికుడు మీర్ తురాబ్ ఆలీఖాన్. ఆయనకు సాలార్‌జంగు అని బిరుదు. 1853వ సంవత్సరమున, ఇరువదినాలుగు సంవత్సరముల ప్రాయమున, ఆయన హైదరాబాదు రాజ్యమునకు దివాను అయ్యెను. ఆ సంవత్సరముననే, ఆయన పదవికి వచ్చుటకు కొలది దినములకు ముందు, ఒక కష్టము సంభవించెను. నిజాము తమకు బాకీపడెననియు, తమ సైనికుల జీతములకు హామీ కావలెననియు చెప్పి, ఈస్టిండియా కంపెనీవారు ఒక సంధిపత్రము వ్రాయించుకొని, బేరారు ప్రాంతపు పాలనను తమ చేతిలోనికి తీసికొనిరి. బేరారు పత్తి పంటకు ప్రసిద్ధికెక్కిన నల్లరేగడి భూమి. నేడు అది మహారాష్ట్రములో అమరావతి, అకోలా, యవత్‌మాల్ మొదలగు జిల్లాలుగా నున్నది. పోయిన ఆ బేరారును తిరిగి తెచ్చుట సాలార్‌జంగునకు జీవితాశయమయ్యెను.

ఆయన పన్నుల వసూలును క్రమపరచెను, రాజ్యమును జిల్లాలుగా విభజించెను, అప్పులను తీర్చెను, దారుల్ ఉలూం అను విద్యాలయమును నెలకొల్పెను. బేరారు మాత్రము తిరిగి రాలేదు. కలకత్తాలోని ప్రభుత్వమునకు ఎన్ని పత్రములు వ్రాసినను ఫలము లేకపోయెను. అప్పటి నిజాము మహబూబ్ ఆలీఖాన్ పది సంవత్సరములైనను నిండని బాలుడు. కావున రాజ్యభారమంతయు దివానుపైననే యుండెను. ఇట్టి స్థితిలో 1876వ సంవత్సరమున ఇంగ్లండుకు పోవు అవకాశము ఆయనకు లభించెను. బేరారు మాటను లండనులోని పెద్దల చెవిని స్వయముగా వేయవచ్చునని ఆయన తలచెను. 1869లో సూయజు కాలువ తెరువబడినందున ఐరోపాకు సముద్రమార్గము దగ్గరయి యుండెను. 1874లో హైదరాబాదునకు రైలు కూడ వచ్చియుండెను. పూర్వము నెలల తరబడి సాగిన ప్రయాణము వారములకు దిగెను.

దివాను బయలుదేరినది రాచకార్యము మీద. అయినను మార్గమున ఇటలీ దేశము తగిలెను. రోము నగరమున శిల్పుల కార్యశాలలు చాల కలవు. అచ్చట జొవాన్ని మరియ బెంజోని అను శిల్పి రూపకల్పన చేసిన ఒక పాలరాతి విగ్రహము ఆయన కంటబడెను. యూదుల ప్రాచీన గ్రంథములో రెబెకా అను కన్య కథ కలదు. ఆమె పెండ్లికై దూరదేశమునుండి వచ్చుచు, తన్ను వివాహమాడబోవు ఇసాకును దూరము నుండి చూచి, సిగ్గుతో మేలిముసుగు వేసికొనును. శిల్పి ఆ క్షణమును రాతిలో నిలిపెను. ముఖము మీద ముసుగు కలదు. ముసుగు వెనుక ముఖము కలదు. రెండును ఒకే రాయి. పలుచని తడిబట్టలో నుండి కన్నులు, పెదవులు కానవచ్చినట్లు ఆ రాతిలో కానవచ్చును. వట్టి సుత్తితో, ఉలితో రాతిని బట్టవలె పలుచన చేసినట్లు భ్రమ కల్పించుట శిల్పి నేర్పు. ఈ రూపమునకు ప్రతులు ఇతర దేశములలోను కలవు. అందొక దానిని సాలార్‌జంగు కొని హైదరాబాదునకు పంపెను.

రోము నుండి ఆయన పారిసునకు పోయెను. అచ్చట దుర్ఘటన జరిగెను. బసచేసిన హోటలు మెట్ల మీద కాలుజారి పడగా తొడ యెముక విరిగెను. పరదేశము, తెలియని భాష, ముందు పెద్ద కార్యము. ఇంటికి మరలిపోవుటకు అంతకంటె మంచి సాకు మరేమి కావలెను? కాని ఆయన మరలలేదు. విరిగిన కాలితోనే, ఇతరులు మోయగా, సముద్రపు పాయను దాటి జూను నెలారంభమున ఇంగ్లండు చేరెను. విక్టోరియా రాణిని దర్శించెను. లండను నగరపు గౌరవ పౌరసత్వమును పొందెను. జూను నెలలోనే ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమునిచ్చెను. విందులు, సన్మానములు, పత్రికలలో ప్రశంసలు—వీనికి కొదవ లేదు. కొదవ ఒక్కటియే: బేరారు.

సన్మానించువాడు ఇచ్చువాడు కాడు. ఆంగ్ల ప్రభుత్వము ఆయన కోరికను అంగీకరింపలేదు. 1883వ సంవత్సరమున సాలార్‌జంగు మరణించునాటికి బేరారు పరుల చేతనే యుండెను. 1902వ సంవత్సరమున అది శాశ్వతపు కౌలు పేరిట పూర్తిగా చేజారిపోయెను.

వెళ్ళిన పని కాలేదు. దారిలో చూచి తెచ్చినది మాత్రము మిగిలెను. ఆ మేలిముసుగు రెబెకా నేడు సాలార్‌జంగు మ్యూజియములో నున్నది. ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగు తన జీవితకాలమంతయు సేకరించిన అసంఖ్యాక వస్తువులతో కలిసి అది 1951వ సంవత్సరమున ప్రజలకు దర్శనీయమయ్యెను. ఒక దివాను దేవిడీలో కొందరికే కనబడిన బొమ్మ నేడు టిక్కెట్టు కొన్న ప్రతివానికిని కనబడును. పల్లె నుండి వచ్చిన రైతు కూడ దాని యెదుట నిలిచి, "ఇది రాయియా, బట్టయా?" యని అడుగుచుండును. రాజ్యములు పోయినను అట్టి ఆశ్చర్యము పోలేదు.

3

సాలార్‌జంగునకు ఆక్సుఫర్డు పట్టమిచ్చినప్పుడు హైదరాబాదున విశ్వవిద్యాలయము లేదు. నలువదిరెండు సంవత్సరముల తరువాత, 1918లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ ఆలీఖాన్ పేరిట విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. అక్బర్ హైదరీ అను అధికారి దాని కొరకు మిక్కిలి కృషి చేసెను. అందు బోధన ఆంగ్లమున గాక ఉర్దూలో జరుగునట్లు ఏర్పాటయ్యెను. భారతదేశమున ఒక దేశభాషను ఉన్నత విద్యకు మాధ్యమముగా స్వీకరించిన విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. పాఠ్యగ్రంథములను అనువదించుటకు ఒక ప్రత్యేక శాఖ నెలకొల్పబడెను. ఆ విశ్వవిద్యాలయమున తెలుగునకును స్థానము లభించెను. కవి రాయప్రోలు సుబ్బారావు అందు తెలుగు ఆచార్యుడుగా పనిచేసెను.

కాని విశ్వవిద్యాలయమునకు స్వగృహము లేదు. 1919లో తరగతులు గన్‌ఫౌండ్రీ ప్రాంతమున అద్దె భవనములలో ప్రారంభమయ్యెను. శాశ్వత స్థలమును వెదకవలసి యుండెను. ఈ విషయమున సలహా ఇచ్చుటకు పాట్రిక్ గెడ్డీసు అను స్కాట్లండు దేశస్థుడు వచ్చెను.

గెడ్డీసు జీవశాస్త్రవేత్త. పిదప ఆయన నగరములను గూడ ప్రాణులవలెనే పరిశీలింప మొదలిడెను. చెట్టును తెలిసికొనగోరువాడు దాని నేలను, నీటిని, గాలిని తెలిసికొనవలెను గదా! నగరమును బాగుచేయగోరువాడును అట్లే చేయవలెనని ఆయన మతము. ఆయన మన దేశమున పెక్కు పట్టణములకు పోయి, సందుగొందులలో కాలినడకన తిరిగి, తరువాతనే సలహా వ్రాసెడివాడు. ముందు పరిశీలన, తరువాత ప్రణాళిక—ఇది ఆయన సూత్రము.

ఆయన స్వస్థలమైన స్కాట్లండులో, ఎడింబరో నగరమున, ఒక గోపురము కలదు. గెడ్డీసు దానిని 1892లో తీసికొని చిత్రమైన పాఠశాలగా మార్చెను. సందర్శకుడు మొదట పైయంతస్తునకు ఎక్కవలెను. అచ్చట చీకటిగదిలో అద్దము, కటకముల సాయమున నగరపు సజీవ ప్రతిబింబము ఒక తెల్లని బల్ల మీద పడును. వీధిలో పోవు బండ్లు, మనుష్యులు బల్ల మీద కదలుచు కానవత్తురు. తరువాత ఒక్కొక్క అంతస్తే దిగవలెను. మొదట ఎడింబరో నగర విషయములు, దాని క్రింద స్కాట్లండు, దాని క్రింద ఆంగ్లభాషా దేశములు, తరువాత ఐరోపా, అన్నింటికంటె క్రింద ప్రపంచము. తన ఊరిని చూచిన పిదపనే లోకమును చూడవలెను. లోకమును చూచిన పిదప తిరిగి తన ఊరికే రావలెను—ఆ గోపురపు మెట్లు బోధించు పాఠమిది.

ఇట్టి చూపు గల మనుష్యుడు పని మీద మన నగరమునకు వచ్చెను. విశ్వవిద్యాలయమునకు తగిన స్థలములను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించెను. నగరమునకు తూర్పున, అడిక్‌మెట్టు ప్రాంతమున గల మెరక నేల ఎన్నికయ్యెను. వేయి యెకరములకు మించిన ఆ నేలలో బండరాళ్ళును గుట్టలును ఉండెను. ఇరువదియైదు వందల లక్షల కాదు, దానికి పదిరెట్లు, అనగా సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల రాయి అది. దక్కను పీఠభూమికి వెన్నెముకవంటి గ్రానైటు జాతి.

4

స్థలము కుదిరెను. దాని మీద ఏమి కట్టవలెను? ఈ ప్రశ్న చిన్నది కాదు. ఇల్లు కట్టుకొనువాడు పొరపడినచో ఒక కుటుంబము బాధపడును. విశ్వవిద్యాలయము కట్టువారు పొరపడినచో తరతరముల విద్యార్థులు ఆ పొరపాటులో కూర్చుండి చదువవలెను. ధనము ప్రజలది. కావున ప్రభుత్వము సయ్యద్ ఆలీ రజా, జైన్ యార్ జంగు అను ఇరువురు అధికారులను 1930వ సంవత్సర ప్రాంతమున విదేశ పర్యటనకు పంపెను. ఐరోపా, అమెరికా, ఆసియా ఖండములలోని విశ్వవిద్యాలయములను స్వయముగా చూచి, ఏది తగునో తెలిసికొని రావలెనని వారికి అప్పగింపబడిన కార్యము.

కన్నులార చూచుటయే పనిగా గల రాచకార్యమిది. వినుటకు సుఖముగా నుండును, చేయుటకు కష్టము. ఐరోపాలో విశ్వవిద్యాలయ భవనములు చూడబోయిన వానికి ఆ కాలమున కానవచ్చు ఆదర్శము ఒకటి కాదు. ఆక్సుఫర్డున విశ్వవిద్యాలయము ఒకచోట లేదు; ఊరంతయు వ్యాపించిన కళాశాలలే విశ్వవిద్యాలయము. ఒక్కొక్క కళాశాలకు నడుమ పచ్చిక ముంగిలి, చుట్టును రాతి గదులు, ఒక ప్రార్థనాలయము, ఒక భోజనశాల యుండును. పారిసులో సొర్బాను అను విద్యాపీఠము నగరపు నట్టనడుమ, వీధుల నానుకొని, ఒకే మహాసౌధముగా నుండును. 1925వ సంవత్సరమున అదే నగరపు దక్షిణభాగమున నానాదేశముల విద్యార్థులకు వసతిగృహములు వెలయ మొదలిడెను. అమెరికాలోనో, ఊరికి దూరముగా విశాలమైన తోటల నడుమ భవనములను వెదజల్లినట్లు కట్టుట వాడుక.

వీనిలో ఏదో ఒకదానిని మెచ్చుకొని దాని పటము తెచ్చి అడిక్‌మెట్టు గుట్టల మీద దింపుట సులభము. అంతకు పూర్వము మన దేశమున అట్లు జరిగిన తావులు పెక్కు కలవు. చలిదేశమున ఎండకై పెట్టిన పెద్ద అద్దపు కిటికీలు మన వేసవిలో గదిని పొయ్యిగా మార్చును. మంచు జారుటకై ఏటవాలుగా కట్టిన కప్పు మంచు కురియని ఊరిలో దేనికి? పరదేశపు భవనమును చూచినవాడు దాని రూపమును గాక దాని కారణమును చూడవలెను. కారణము తెలిసినవానికి ఏది తీసికొనవలెనో, ఏది విడువవలెనో తెలియును.

ఈ ఇరువురు పర్యటనలో ఈజిప్టు దేశమునకు పోయినప్పుడు అచ్చట ఎర్నెస్టు జాస్పర్ అను వాస్తుశిల్పిని కలిసికొనిరి. ఆయన బెల్జియము దేశస్థుడు. 1905 తరువాత కైరో నగరపు చెంత ఎడారిలో హేలియోపొలిసు అను కొత్త పట్టణము వెలసినది. అందు 1910లో తెరువబడిన మహా హోటలు ఈ జాస్పర్ నిర్మించినదే. తరువాతి కాలమున అది ఈజిప్టు రాష్ట్రపతి భవనమయ్యెను. ఐరోపాలో పుట్టి, ఐరోపా శాస్త్రమును చదివి, ఎండ మండు దేశమున తూర్పుదేశపు శిల్పరీతిని అభ్యసించిన మనుష్యుడు హైదరాబాదునకు కావలసి యుండెను. అట్టివాడు వారికి దొరకెను. ఐరోపాను చూడబోయినవారు ఐరోపా భవనమును తేలేదు. తూర్పును గౌరవింప నేర్చిన ఒక ఐరోపీయుని తోడ్కొని వచ్చిరి.

5

జాస్పర్ వచ్చిన పిదప కథ తిరుగబడెను. ఇప్పుడు పని మీద వచ్చిన పరదేశి ఆయన. చూడవలసినది మన దేశము. ఆ కాలమున హైదరాబాదు రాజ్యము మిక్కిలి విశాలమైనది. అజంతా, ఎల్లోరా గుహలు దానిలోనివే. ఓరుగల్లు వేయిస్తంభముల గుడి దానిలోనిదే. బీదరులో 1472లో పూర్తియైన మహమూద్ గవాను మదరసా దానిలోనిదే. గోలకొండ సమాధులు, 1591 నాటి చార్మినారు రాజధానిలోనే యున్నవి. రెండువేల సంవత్సరముల శిల్పవిద్య ఒకే రాజ్యపు టెల్లలలో దొరకుట ఏ వాస్తుశిల్పికైనను భాగ్యము.

ఆ శిల్పవిద్యలో ముఖ్యముగా రెండు మార్గములు కలవు. రాతికి ఒక స్వభావము కలదు. దానిని నొక్కినచో ఎంతటి బరువునైనను ఓర్చును. వంచినచో తాళలేక విరుగును. రెండు స్తంభముల మీద ఒక రాతి దూలమును అడ్డముగా వేసినచో, బరువు పడినప్పుడు దూలము వంగజూచును. అందుచేత దూలము పొడవు తక్కువగా నుండవలెను. స్తంభములు దగ్గర దగ్గరగా నుండవలెను. వేయిస్తంభముల గుడిలో అన్ని స్తంభములు ఎందుకని అడిగినచో, అలంకారమునకే కాదు, రాతి స్వభావమునకు లోబడి యని చెప్పవలెను. ఇది దూలపు మార్గము.

రెండవది కమాను మార్గము. చిన్న చిన్న రాళ్ళను వంపుగా పేర్చినచో అవి ఒకదాని నొకటి నొక్కుకొనుచు నిలుచును. అందు వంగవలసిన రాయి లేదు, అన్నియు నొక్కబడునవే. కనుక మిక్కిలి వెడల్పైన ద్వారమును కూడ కమానుతో దాటవచ్చును. అయితే కమాను తన బరువును క్రిందికే గాక ప్రక్కలకు కూడ త్రోయును. ఆ త్రోపును ఆపుటకు ఇరువైపుల బలిష్ఠమైన గోడలు కావలెను. చార్మినారు నాలుగు కమానులకు నాలుగు మూలల బురుజులు ఎట్లు అండగా నిలిచినవో చూచినచో ఇది తెలియును.

ఆర్ట్సు కళాశాల రూపమున ఈ రెండు మార్గములు కలిసి యున్నవి. అజంతా, ఎల్లోరాలను తలపించు స్తంభములు, దూలపు కట్టు ఒకవైపు. దక్కను సుల్తానుల కట్టడములను, కైరో మసీదుల నిలువెత్తు ద్వారములను తలపించు మహాకమాను మరొకవైపు. ఒకదాని పక్కన మరొకటి అతికించినట్లు గాక, ఒకే రాతిలో ఒకే దేహముగా అవి నిలిచినవి. రాయి పరదేశము నుండి రాలేదు; దక్కను గ్రానైటే. చెక్కినవారు మన రాతిపనివారే. వారి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. వారి చేతిపని మాత్రము ప్రతి రాతి మీదను కలదు.

1934వ సంవత్సరము జూలై 5వ తేదీన నిజాము ప్రాంగణమునకు శంకుస్థాపన చేసెను. జాస్పర్ వెళ్ళిపోయిన పిదప నిర్మాణమును జైన్ యార్ జంగు నడిపించెను. 1939వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఆర్ట్సు కళాశాల ప్రారంభింపబడెను. ప్రయాణము మొదలైన నాటి నుండి మెట్లు తెరచిన నాటి వరకు సుమారు తొమ్మిది సంవత్సరములు పట్టెను.

6

రాతిని కలుపుట సాధ్యమైనంత శీఘ్రముగా మనుష్యులను కలుపుట సాధ్యము కాదు. రెండు శిల్పరీతులు కలిసిన ఆ భవనము పూర్తికావచ్చుచున్న దినములలోనే, 1938వ సంవత్సరాంతమున, విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదని నిషేధము వెలువడెను. విద్యార్థులు లోబడలేదు. అనేకులు బహిష్కృతులైరి. వారిలో పెక్కుమందికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రియైన పి. వి. నరసింహారావు ఆ ఉద్యమమున పాల్గొని నాగపూరునకు పోయి చదువుకొన్నవారిలో ఒకడు.

కావున ఆ కళాశాలను చూచునప్పుడు అందమును మాత్రమే చూడరాదు. దాని ద్వారము తెరువబడిన నాడు లోపల కూర్చుండవలసిన కొందరు బయట నుండిరని తలచుకొనవలెను. 1948వ సంవత్సరమున హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. బోధనాభాష మారెను. పిదప తెలంగాణపు పల్లెపల్లె నుండి, కర్షకుల ఇండ్ల నుండి, కార్మికుల ఇండ్ల నుండి విద్యార్థులు ఆ మెట్లెక్కిరి. రాజు పేరిట వెలసిన భవనము ప్రజలదయ్యెను. స్తంభమును కమానును కలిపిన శిల్పి తలపు అప్పుడుగాని పూర్తి కాలేదు.

7

ఇప్పుడు రెండు ప్రయాణములను పోల్చి చూడుడు. సాలార్‌జంగు పోయినది ఒక ప్రాంతమును తిరిగి తెచ్చుటకు. అది రాలేదు, పాలరాతి బొమ్మ వచ్చినది. ఆయన రోములో చూచినదానిని ఉన్నది ఉన్నట్లు కొని తెచ్చెను. అది మన కన్నులకు విందు. ఆలీ రజా, జైన్ యార్ జంగు పోయినది చూచి నేర్చుకొనుటకు. వారు ఏ భవనమును కొని తేలేదు. చూచినదానిని జీర్ణించుకొని, మన రాతితో, మన రీతితో మరియొకదానిని కట్టించిరి. అది మనకు ఇల్లు. కొనితెచ్చినది ఇంటికి అలంకారము. నేర్చితెచ్చినది ఇంటికే పునాది. రెండును కావలసినవే, కాని రెండవదానికి ఓర్పు ఎక్కువ కావలెను.

నేడు తార్నాక నుండి, ముషీరాబాదు నుండి ఎందరో యువతీయువకులు ఉద్యోగముల మీద లండనుకు, పారిసుకు, బెర్లినుకు పోవుచున్నారు. వారములు పట్టిన ప్రయాణము గంటలకు దిగినది. పని ముగిసిన సాయంకాలము వారు గోపురముల ముందు నిలిచి ఛాయాచిత్రములు తీసికొందురు. అది తప్పు కాదు. కాని ఒక ప్రశ్న మాత్రము వెంట తీసికొనిపోవలెను: "ఇది ఇచ్చట ఇట్లు ఎందుకున్నది?" ఆ ప్రశ్న అడిగినవానికి కాలిబాట వెడల్పు కూడ పాఠమే, గ్రంథాలయపు కిటికీ కూడ పాఠమే, నదిని ఊరు ఎట్లు కాపాడుకొనుచున్నదో అదియు పాఠమే.

ఆ ప్రశ్నను అలవరచుకొనుటకు పరదేశము దాక పోనక్కరలేదు. ఎడింబరో గోపురమున సందర్శకుడు మొదట చూచునది తన ఊరినే గదా! ఒక ఆదివారమున ముషీరాబాదు నుండి కాలినడకన బయలుదేరుడు. ఆర్ట్సు కళాశాల మెట్ల మీద కూర్చుండి ద్వారమును పైనుండి క్రింది వరకు చూడుడు. కమాను బరువు ఎటు దిగుచున్నదో వ్రేలితో గాలిలో గీచి చూడుడు. స్తంభముల నడుమ దూరమును అడుగులతో కొలువుడు. రాతి మీద చేయి వేసి ఉలి గుర్తులు తగులునేమో చూడుడు. ఎండ ఏ వేళకు ఎంత లోనికి వచ్చుచున్నదో గుర్తించుడు. అట్లు తన ఊరిని చూడనేర్చినవాడు ఏ ఊరికి పోయినను వట్టి చేతులతో తిరిగిరాడు.

ప్రశ్నలు

1. సాలార్‌జంగు 1876లో ఏ కార్యము మీద ఇంగ్లండుకు పోయెను? ఆ కార్యము ఏమయ్యెను?
2. ఎడింబరో గోపురమున అంతస్తుల క్రమమేమి? ఆ క్రమము ఏమి బోధించుచున్నది?
3. రాతి దూలమునకును, కమానునకును గల భేదమును మీ మాటలలో వివరింపుడు.
4. "పరదేశపు భవనమును చూచినవాడు దాని రూపమును గాక దాని కారణమును చూడవలెను." ఈ వాక్యమును రెండు ఉదాహరణములతో సమర్థింపుడు.
5. మీ ఊరిలోని ఒక పాత కట్టడమును చూచి, అది అచ్చట అట్లు ఎందుకున్నదో పది వాక్యములలో వ్రాయుడు.